‘కాన్పయ్యాక చూద్దాంలే’ అనే ముందు

(గర్భిణులు, వాళ్ళ కుటుంబ సభ్యుల కోసం ఖమ్మంలో ఏర్పాటైన సమావేశంలో ఒక స్త్రీ వైద్య నిపుణురాలు చేసిన ప్రసంగం ఇది. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం.)

అందరికీ నమస్కారం. వెనక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళు ముందుకొచ్చి కూర్చోండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. నెలలు నిండినవాళ్ళకి మధ్యలో లేచి అటూ ఇటూ తిరగాలనిపిస్తే తిరగండి, నేనేమీ అనుకోను. భర్తలు కూడా వచ్చారు, అత్తగార్లు వచ్చారు, అమ్మలు వచ్చారు. చాలా సంతోషం. ఇవాళ చెప్పేదాంట్లో సగం మీ కోసమే.

గర్భంతో ఉన్నప్పుడు టీకా వేయించుకోవాలా, వద్దా? ఇదీ మనం మాట్లాడుకోబోయేది. ఇన్నేళ్ళ ప్రాక్టీసులో ఈ ప్రశ్నకి నేను ఎక్కువగా విన్న జవాబు ఏంటో చెప్పనా? “వద్దు” కాదు. వద్దని మొహం మీద చెప్పేవాళ్ళు చాలా తక్కువ. “కాన్పయ్యాక చూద్దాంలే డాక్టరమ్మా.” ఇదీ నేను రోజూ వినే మాట. వినడానికి మెత్తగా ఉంటుంది. డాక్టర్ని కాదన్నట్టూ ఉండదు, ఇంట్లో పెద్దవాళ్ళ మాట కొట్టేసినట్టూ ఉండదు. కానీ కొన్ని టీకాల విషయంలో కాన్పయ్యాక అంటే వద్దు అన్నట్టే. ఎందుకంటే అవి పని చేయాల్సింది కాన్పుకి ముందు. బిడ్డ బయటికి వచ్చాక తల్లికి వేస్తే, బిడ్డకి అందాల్సింది అందదు. నేను ఈ పూట చెప్పదలుచుకున్నది ఇదే. మిగతాదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

మీలో టీటీ ఇంజక్షన్, అదే ధనుర్వాతం రాకుండా వేసేది, వేయించుకున్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా, దాదాపు అందరూ ఎత్తారు. దాని గురించి మీ ఇంట్లో ఎవరైనా చర్చ పెట్టారా? వేయించాలా వద్దా అని రెండు రాత్రులు ఆలోచించారా? లేదు. ఏఎన్ఎమ్మమ్మ వచ్చింది, వేసింది, కార్డులో రాసింది, అయిపోయింది. మరి అదీ టీకాయే కదా! “గర్భిణులకి టీకాలేంటమ్మా, మా కాలంలో ఇవన్నీ ఎక్కడున్నాయి” అంటారు కొందరు పెద్దవాళ్ళు. మీ కాలంలోనూ ఉందమ్మా. మీరు వేయించుకున్నారు. మీ కొడుకు, మీ కూతురు బతికి ఇవాళ ఇక్కడ కూర్చోవడంలో దానికీ భాగం ఉంది.

అది ఎందుకొచ్చిందో ఈ తరానికి తెలీదు, అందుకని చెప్తాను. పసికందుకి వచ్చే ధనుర్వాతం. ఇంట్లో కాన్పు అయ్యేది. బొడ్డు కొడవలితోనో, పాత బ్లేడుతోనో కోసేవాళ్ళు. దాని మీద బూడిద పెట్టేవాళ్ళు, కొన్నిచోట్ల పేడ కూడా పెట్టేవాళ్ళు. ఆ క్రిమి మట్టిలో ఉంటుంది, పేడలో ఉంటుంది. బిడ్డ మొదటి రెండు రోజులూ చక్కగా పాలు తాగుతుంది. ఇంట్లో అందరూ సంతోషంగా ఉంటారు. మూడో రోజు దాటాక ఎప్పుడో ఉన్నట్టుండి రొమ్ము పట్టదు. దవడలు బిగుసుకుంటాయి. నోరు తెరవలేదు. తర్వాత ఒళ్ళంతా కొయ్యబారుతుంది, నడుము వెనక్కి విరుచుకుపోతుంది. గట్టిగా మాట్లాడినా, లైటు వేసినా ఫిట్స్ వస్తాయి. ఆ బిడ్డకి స్పృహ ఉంటుంది. అంత నొప్పీ తెలుస్తూనే ఉంటుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన లెక్క ప్రకారం ఆ ఒక్క ఏడాదిలోనే ప్రపంచంలో 7 లక్షల 87 వేల మంది పసికందులు ఇలా చనిపోయారు. అందులో మన దేశపు పిల్లలు చాలామంది.

ఇవాళ మీ చుట్టుపక్కల ఎక్కడైనా పురిటిబిడ్డ ధనుర్వాతంతో పోయిందని విన్నారా? కుర్ర డాక్టర్లు చాలామంది ఆ కేసు చూడకుండానే చదువు పూర్తి చేస్తున్నారు. ఎలా పోయింది ఆ జబ్బు? రెండు పనులు జరిగాయి. కాన్పు ఆసుపత్రికి మారింది, బొడ్డు శుభ్రమైన బ్లేడుతో కోయడం మొదలైంది. రెండోది, కడుపుతో ఉన్న ప్రతి తల్లికీ ఆ ఇంజక్షన్. ప్రతి జిల్లాలోనూ వెయ్యి మంది పిల్లలు పుడితే ఒక కేసు కూడా లేని స్థితికి వస్తేనే దాన్ని నిర్మూలన అంటారు. మన దేశంలో ఆ స్థితికి మొదట చేరింది ఏ రాష్ట్రమో తెలుసా? మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్, 2003లో. దేశం మొత్తం చేరేసరికి 2015 అయింది. ఇది మన ఏఎన్ఎంలు, ఆశా అక్కలు ఎండలో వానలో తిరిగి సాధించింది. ఎవరైనా ఇక్కడ ఉంటే, మీకు నా దండాలు తల్లీ.

మట్టిలో ఉన్న క్రిమిని మనం తుడిచేయలేం. అందుకే జబ్బు కనపడకపోయినా ఇంజక్షన్ ఆగదు. ఇప్పుడు దాన్ని టీడీ అంటున్నారు, అందులో కంఠసర్పికి, అంటే డిఫ్తీరియాకి కూడా రక్షణ కలిపారు. మొదటిసారి గర్భం అయితే నెల తప్పిందని తెలిసిన వెంటనే ఒకటి, నాలుగు వారాలు ఆగి రెండోది. గత మూడేళ్ళలోపు గర్భంలో రెండూ వేయించుకున్నవాళ్ళకి ఈసారి ఒక్క బూస్టర్ చాలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఉచితం. ప్రతి నెలా 9వ తారీకు పీఎంఎస్ఎంఏ రోజున, అంటే ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులని ఉచితంగా చూసే రోజున పరీక్షకి వెళ్తారు కదా, కార్డు తీసుకెళ్ళి అడగండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. తల్లి చేతికి సూది వేస్తే బిడ్డకి రక్షణ ఎలా వెళ్తుంది?

టీకా వేశాక తల్లి ఒంట్లో ఆ జబ్బుని ఎదుర్కొనే యాంటీబాడీలు తయారవుతాయి. బాగా పెరగడానికి దాదాపు రెండు వారాలు పడుతుంది. అవి రక్తంలో తిరుగుతూ మాయ దగ్గరికి, అంటే కడుపులో బిడ్డని తల్లితో కలిపే ప్లాసెంటా దగ్గరికి వస్తాయి. మాయ వాటిని పట్టి బిడ్డ వైపు పంపుతుంది. ఊరికే జారిపోవడం కాదు, మాయ పనిగట్టుకుని చేస్తుంది ఈ పని. నాలుగో నెల నుంచి కొంచెం కొంచెం మొదలవుతుంది, ఏడో నెల దాటాక జోరందుకుంటుంది. నెలలు నిండి పుట్టిన బిడ్డ రక్తంలో ఈ యాంటీబాడీలు తల్లి రక్తంలో కంటే ఎక్కువే ఉంటాయి చాలాసార్లు. కూతుర్ని అత్తారింటికి పంపేటప్పుడు సారె సర్ది పంపుతాం కదా, అలా. కొన్నాళ్ళు ఆ ఇంట్లో కుదురుకునేదాకా అదే ఆధారం. తర్వాత తన సంసారం తను చూసుకుంటుంది. బిడ్డకీ అంతే. తల్లి పంపిన రక్షణ కొన్ని నెలలు ఉంటుంది, ఈలోపు బిడ్డకి సొంత టీకాలు పడతాయి.

మరి కాన్పయ్యాక వేస్తే? మాయ పడిపోయింది కదమ్మా! దారి మూసుకుపోయింది. తల్లిపాలతో కొంత రక్షణ వెళ్తుంది, దాన్ని తక్కువ చేయను, పాలు తప్పకుండా ఇవ్వాలి. కానీ రక్తంలోకి మాయ ద్వారా వెళ్ళే ఆ రక్షణ పాలతో రాదు. కాన్పుకి రెండు రోజుల ముందు వేసినా అంతే, ఒంట్లో తయారయ్యే టైమ్ ఉండదు. అందుకే వారాల లెక్క ఇంత గట్టిగా చెప్తాం మేము.

“టీకా మందు బిడ్డ ఒంట్లోకి వెళ్తుందేమో” అని టెన్షన్ పడతారు చాలామంది. సహజమే. కడుపులో బిడ్డ ఉంటే కాఫీ తాగాలన్నా ఆలోచిస్తాం. టీడీలో ఏముంది? బతికున్న క్రిమి లేదు. క్రిమి విడుదల చేసే విషాన్ని, హాని చేయలేని రూపంలోకి మార్చి పెట్టారు. దాన్ని చూసి మన ఒళ్ళు రక్షణ తయారు చేసుకుంటుంది. బిడ్డకి చేరేది ఆ రక్షణ. ఇది నిన్నా మొన్నా మొదలైన పని కూడా కాదు. న్యూగినీలో గర్భిణులకి ధనుర్వాతం టీకా వేస్తే పసికందుల్లో ఆ జబ్బు తగ్గిందని 1961లోనే ప్రచురించారు. అరవై ఏళ్ళు దాటింది. మన దేశంలోనే కోట్ల మంది తల్లులు వేయించుకున్నారు.

సరే, టీటీ గురించి గొడవ లేదు. గొడవంతా మిగతా వాటి గురించే. ముందు కోరింత దగ్గు. దీని మీద కొంచెం ఎక్కువసేపు మాట్లాడతాను, ఓపిక పట్టండి.

కోరింత దగ్గు పెద్దవాళ్ళకి వస్తే ఏమవుతుంది? వారాల తరబడి దగ్గు. సిరప్ తాగుతారు, కషాయం తాగుతారు, “వాతావరణం మారింది” అనుకుంటారు. అది కోరింత దగ్గని వాళ్ళకే తెలీదు. అదే దగ్గు నెల బిడ్డకి అంటుకుంటే? చాలామందికి తెలియని విషయం చెప్తున్నా, వినండి. అంత చిన్న బిడ్డ సరిగ్గా దగ్గను కూడా దగ్గదు. ఊపిరి ఆగిపోతుంది. నీలం రంగుకి తిరుగుతుంది. దగ్గు వినపడదు కాబట్టి ఇంట్లో వాళ్ళకి జబ్బు తెలీదు. అదే దాంట్లో భయంకరమైన సంగతి.

బిడ్డకి సొంత టీకా ఉంది కదా అంటారు. ఉంది. ఐదు జబ్బులకి కలిపి వేసే పెంటావాలెంట్‌లో ఉంటుంది. ఎప్పుడు వేస్తారు? ఆరు వారాలకి, పది వారాలకి, పద్నాలుగు వారాలకి. పుట్టిన రోజు నుంచి ఆరో వారం దాకా ఏంటి? ఏమీ లేదు. ఒక డోసుతో పూర్తి రక్షణ రాదు కాబట్టి మూడు నెలలు దాటేదాకా ఆ బిడ్డ సగం ఖాళీ చేతులతోనే ఉంటుంది. కోరింత దగ్గుతో పోయే పిల్లల్లో ఎక్కువమంది సరిగ్గా ఆ మూడు నెలల లోపు వాళ్ళే.

2012లో ఇంగ్లండ్‌లో ఏం జరిగిందో చెప్తాను. అక్కడ ఆసుపత్రులకి లోటు లేదు, డాక్టర్లకి లోటు లేదు. అయినా ఆ ఏడాది కోరింత దగ్గు విజృంభించి 14 మంది పసిపిల్లలు చనిపోయారు. ఆ అక్టోబర్లో వాళ్ళు గర్భిణులకి టీకా మొదలుపెట్టారు. తర్వాత లెక్కలు చూస్తే, టైముకి వేయించుకున్న తల్లుల పిల్లల్లో మొదటి మూడు నెలల్లో ఈ జబ్బు రాకుండా కాపాడటంలో అది వందకి 90 వంతుల దాకా పనిచేసింది. తర్వాత ఏమైంది? జబ్బు తగ్గింది, భయం తగ్గింది, వేయించుకునే తల్లులూ తగ్గారు. 2024లో మళ్ళీ విజృంభించింది, మళ్ళీ పసిపిల్లలు పోయారు. ఆ తల్లుల్లో వద్దని తేల్చి చెప్పినవాళ్ళు ఎంతమంది ఉంటారు? అపాయింట్‌మెంట్ వాయిదా పడింది, వచ్చే వారం వెళ్దాం అనుకున్నాం, ఈలోపు నొప్పులొచ్చేశాయి. ఎక్కడైనా జరిగేది అదే.

ఈ టీకా పేరు టీడాప్. టీడీతో పాటు కోరింత దగ్గుది కూడా కలిసి ఉంటుంది. 27 నుంచి 36 వారాల మధ్య, అంటే ఏడో నెల నుంచి తొమ్మిదో నెల మొదటి దాకా. ప్రతి గర్భానికీ వేయించుకోవాలి. “మొదటి బాబప్పుడు వేయించుకున్నాను కదా” అంటే, ఆ యాంటీబాడీలు ఈపాటికి తగ్గిపోయి ఉంటాయి. ఈ బిడ్డకి పంపాలంటే ఇప్పుడు కొత్తగా తయారు కావాలి. మన దేశంలో ప్రసూతి వైద్యుల సమాఖ్య ఫాగ్సీ కూడా దీన్ని వేయించుకోమనే చెప్తోంది.

ఇక్కడ ఒక చేదు నిజం చెప్పాలి. టీడాప్ మన ప్రభుత్వ కార్యక్రమంలో లేదు. పీహెచ్‌సీలో దొరకదు. ప్రైవేటులో కొనుక్కోవాలి, ధర వెయ్యి రూపాయల పైమాటే. రోజు కూలీకి వెళ్ళే కుటుంబానికి ఇది చిన్న మాట కాదని నాకు తెలుసు. డబ్బున్న తల్లి బిడ్డకి ఆ మూడు నెలలు రక్షణ ఉండి, లేని తల్లి బిడ్డకి లేకపోవడం అన్యాయం. టీటీని ఊరూరికీ చేర్చిన దేశం మనది. దీన్నీ చేర్చగలం, చేర్చాలి. అప్పటిదాకా, సీమంతానికి పెట్టే ఖర్చులో కొంత దీనికి పక్కన పెట్టమని పెద్దవాళ్ళని అడుగుతున్నాను. కొనలేని పరిస్థితి అయితే కనీసం ఇది చేయండి: ఇంట్లో దగ్గుతున్నవాళ్ళెవరూ బిడ్డని ఎత్తుకోవద్దు. నాయనమ్మ అయినా సరే, తాతయ్య అయినా సరే. ముద్దులు తర్వాత పెట్టుకోవచ్చు. బిడ్డకి ఆరో వారం రాగానే ఒక్క రోజు ఆలస్యం చేయకుండా పెంటావాలెంట్ వేయించండి.

ఫ్లూ సంగతి. జలుబే కదా అంటారు. మామూలు మనిషికి జలుబే అనుకుందాం. గర్భిణికి అలా కాదు. గర్భసంచి పెరిగి ఊపిరితిత్తులకి చోటు తగ్గుతుంది, గుండెకి పని పెరుగుతుంది, రోగనిరోధక శక్తి తీరు మారుతుంది. 2009లో స్వైన్ ఫ్లూ వచ్చింది గుర్తుందా? మన దేశంలో మొదటి కేసు హైదరాబాద్‌లోనే బయటపడింది, ఆ మే నెలలో. అమెరికాలో అప్పటి లెక్క చూడండి. జనాభాలో గర్భిణులు వందకి ఒకరు. స్వైన్ ఫ్లూతో చనిపోయినవాళ్ళలో వందకి ఐదుగురు. మళ్ళీ చెప్తున్నా, ఉన్నది ఒకరు, పోయింది ఐదుగురి లెక్క. అందుకే 2012లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫ్లూ టీకా ఇచ్చే దేశాలన్నీ గర్భిణులకే మొదటి ప్రాధాన్యం ఇవ్వాలంది.

ఆరు నెలలు నిండేదాకా పిల్లలకి ఫ్లూ టీకా వేయరు. అంటే ఆ ఆరు నెలలూ తల్లి ఇచ్చిందే ఉంటుంది. “మన దేశాల్లో ఇది పనిచేస్తుందని ఎవరు చూశారు” అంటే, పక్కనే ఉన్న బంగ్లాదేశ్‌లో చూశారు. ఢాకాలో 340 మంది గర్భిణులతో చేసిన పరిశోధన, 2008లో అచ్చయింది. సగంమందికి ఫ్లూ టీకా, మిగతావాళ్ళకి న్యుమోనియాకి సంబంధించిన వేరే టీకా ఇచ్చారు. ఫ్లూ టీకా తీసుకున్న తల్లుల పిల్లల్లో, పరీక్షలో తేలిన ఫ్లూ 63 శాతం తగ్గింది. మన వాతావరణం, మన ఇళ్ళ లాంటి ఇళ్ళు, మన లాంటి తల్లులు. ఏ నెలలోనైనా వేయించుకోవచ్చు. మన దగ్గర వానాకాలంలో ఫ్లూ ఎక్కువ కాబట్టి అంతకుముందే వేయించుకుంటే మంచిది. ఇంజక్షన్ రూపంలోదే తీసుకోవాలి. ముక్కులో కొట్టే స్ప్రేలో బతికున్న వైరస్ ఉంటుంది, అది గర్భిణులకి వద్దు.

కోవిడ్ గురించి మాట్లాడకపోతే మీరు ఊరుకోరని తెలుసు. నేనూ దాటేయదలుచుకోలేదు. ఎందుకంటే గర్భిణుల్లో టీకాల మీద నమ్మకం దెబ్బతిన్నది అక్కడే.

2021 జనవరిలో టీకాలు మొదలయ్యాయి. గర్భిణులకి వద్దన్నారు. మొదటి పెద్ద ట్రయల్స్‌లో గర్భిణుల్ని తీసుకోలేదు, కాబట్టి చెప్పడానికి సమాచారం లేదు. ఏప్రిల్, మే నెలల్లో రెండో వేవ్ వచ్చిపడింది. జూలై 2న కేంద్ర ఆరోగ్య శాఖ గర్భిణులు వేయించుకోవచ్చు అంది. మార్చిలో వద్దన్నవాళ్ళే జూలైలో వేయించుకో అంటే ఆ అమ్మాయికి ఏమనిపిస్తుంది? “వీళ్ళకే తెలీదు” అనిపిస్తుంది. ఆ కోపం న్యాయమైనదే. కానీ ఆ మధ్యలో ఏం జరిగిందో కూడా వినండి. భారత వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ లెక్క ప్రకారం, వైరస్ సోకిన గర్భిణులు, బాలింతల్లో మరణాలు మొదటి వేవ్‌లో 0.7 శాతం ఉంటే రెండో వేవ్‌లో 5.7 శాతం. టీకా లేని ఆ నెలల్లో మేము పోగొట్టుకున్న తల్లులు వాళ్ళు. పచ్చి బాలింతలు. బిడ్డ ముఖం సరిగ్గా చూసుకోకుండానే పోయినవాళ్ళు ఉన్నారు.

గర్భిణుల్ని ట్రయల్స్ నుంచి పక్కన పెట్టడం వాళ్ళని కాపాడటం అనుకుంటారు. దాని వెనక భయం ఉంది. 1950ల చివర్లో, 1960ల మొదట్లో థాలిడోమైడ్ అనే మాత్ర వేవిళ్ళకని వాడితే వేలమంది పిల్లలు కాళ్ళూ చేతులూ సరిగ్గా లేకుండా పుట్టారు. ఆ భయం ఉండాల్సిందే. కానీ దానికి మందు ఇంకా జాగ్రత్తగా పరిశోధన చేయడం. అసలు చేయకపోవడం కాదు. పరిశోధన చేయకపోతే నష్టపోయేది మళ్ళీ గర్భిణే, ఎందుకంటే జబ్బు ఆమెని వదిలిపెట్టదు కదా.

“టీకా వేయించుకుంటే గర్భం పోయింది, మా బంధువుల్లో ఒకమ్మాయికి” అని చాలామంది చెప్తారు. నేను ఆ మాటని కొట్టిపారేయను. ఆ అమ్మాయి దుఃఖం నిజం. కానీ ఒక్క నిమిషం ఆలోచిద్దాం. టీకా మాటే లేకపోయినా, తెలిసిన గర్భాల్లో వందకి 10 నుంచి 20 దాకా మొదటి నెలల్లో పోతాయి. ఎక్కువగా అది పిండం ఏర్పడటంలోనే వచ్చిన తేడా. ఎవరి తప్పూ కాదు. ఇప్పుడు వెయ్యిమంది గర్భిణులకి ఒకే వారంలో టీకా వేశామనుకోండి. ఆ తర్వాతి వారాల్లో కొందరికి గర్భం పోతుంది, టీకా వేసినా వేయకపోయినా. మరి టీకా వల్ల అదనంగా పోయిందా అని ఎలా తెలుస్తుంది? వేయించుకున్నవాళ్ళనీ, వేయించుకోనివాళ్ళనీ పక్కపక్కన పెట్టి చూడాలి. కోవిడ్ టీకాల మీద చాలా దేశాల్లో అలా చూశారు. గర్భస్రావాలు పెరగలేదు. ఆ ఒక్క అమ్మాయికి ఎందుకు పోయిందో నేను చెప్పలేకపోవచ్చు. కానీ ఆమె “సూది వేయించుకుని బిడ్డని చంపుకున్నాను” అని జీవితాంతం ఏడవాల్సిన పని లేదని మాత్రం చెప్పగలను. దయచేసి ఎవరూ ఆమెతో ఆ మాట అనకండి.

ఇక వద్దనే టీకాలు. అవీ ఉన్నాయి. అన్నీ వేయించుకోమని చెప్పడానికి రాలేదు నేను. బతికున్న క్రిమిని బలహీనపరిచి చేసే టీకాలు గర్భంతో ఉండగా వేయం. తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లాకి వేసే ఎంఎంఆర్, ఆటలమ్మ టీకా. ఇవి పెళ్ళికి ముందో, గర్భం అనుకోకముందో వేయించుకోవాలి, తర్వాత కనీసం ఒక నెల ఆగాలి. రుబెల్లా ఎందుకంత ముఖ్యం? 1941లో ఆస్ట్రేలియాలో నార్మన్ గ్రెగ్ అనే కంటి డాక్టరు దగ్గరికి పుట్టుకతోనే శుక్లాలున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు వస్తున్నారు. ఆ తల్లులని అడిగితే, గర్భం మొదటి నెలల్లో రుబెల్లా వచ్చిందని తేలింది. ఒంటి మీద నాలుగు దద్దుర్లు వచ్చి పోయే జబ్బు, కడుపులో బిడ్డ కళ్ళు, చెవులు, గుండె పాడుచేస్తుంది. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో 2017 ఆగస్టులో స్కూళ్ళలో పిల్లలకి తట్టు, రుబెల్లాకి కలిపి ఎంఆర్ టీకాలు వేశారు గుర్తుందా? వాళ్ళలో ఆడపిల్లలు ఇప్పుడు పెళ్ళీడుకి వస్తున్నారు. మీ ఇంట్లో పెళ్ళి కుదిరిన అమ్మాయి ఉంటే లగ్నపత్రిక కన్నా ముందు ఈ టీకా పడిందో లేదో చూడండి.

గర్భం వచ్చిందని తెలియక ఎంఎంఆర్ వేయించుకున్నవాళ్ళు ఏడుస్తూ వస్తారు. అబార్షన్ చేయించుకోమని ఎవరో చెప్పారంటారు. వద్దు. అలా పొరపాటున పడినందువల్ల బిడ్డకి హాని జరిగినట్టు ఇప్పటిదాకా తేలలేదు, దాని కోసం గర్భం తీయించుకోమని ఏ వైద్య సంస్థా చెప్పదు. హెచ్‌పీవీ టీకా, అదే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది, మధ్యలో ఉండగా గర్భం వస్తే మిగతా డోసులు కాన్పు తర్వాత. ఇదిగో, “కాన్పయ్యాక చూద్దాం” అనే మాట సరిపోయే చోట్లు ఇవి.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళకి, భర్తలకి ఒక మాట. నా గదిలోకి దంపతులు వస్తారు. టీకా గురించి చెప్తాను. అమ్మాయి భర్త వైపు చూస్తుంది. భర్త తల్లికి ఫోన్ చేస్తాడు. ఆవిడ పక్కింటావిడని అడుగుతుంది. నలుగురు మాట్లాడతారు, ఆ అమ్మాయి మాత్రం మాట్లాడదు. “నీకేమనిపిస్తోందమ్మా?” అని ఆమెని అడిగినవాళ్ళు ఎవరు? సూది పడేది ఆమె ఒంట్లో. జబ్బు వస్తే పడేది ఆమె. ఆమె అడిగి, తెలుసుకుని, వద్దంటే వద్దు. మేము బలవంతం చేయకూడదు, చేయం. తర్వాత ఆమెని చులకనగా చూడకూడదు కూడా. కానీ ఆమె తెలుసుకుని చెప్పాలి, ఆమే చెప్పాలి. డాక్టర్లు కూడా గబగబా రాసిచ్చి పంపేయకుండా రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పాలి. ఏ టీకా, ఎందుకు, ఇప్పుడే ఎందుకు, నాకు ఇంతకుముందు ఏ ఇంజక్షన్‌కైనా ఒళ్ళంతా దద్దుర్లొచ్చి ఊపిరాడకపోయి ఉంటే ఎలా అని మీరు అడగండి. అడిగితే విసుక్కునే డాక్టరు అయితే ఇంకొకరిని అడగండి.

చీటీలు రాసిచ్చారు, చూస్తాను.

“టీకా వేశాక జ్వరం వస్తే బిడ్డకి ప్రమాదమా?” చెయ్యి నొప్పి, కాస్త వెచ్చబడటం మామూలే, ఒకటి రెండు రోజుల్లో పోతుంది. జ్వరం వస్తే పారాసిటమాల్ వేసుకోండి, గర్భంలో వేసుకోవచ్చు. జ్వరాన్ని అలా వదిలేయకండి. టీకా వేయించుకున్నాక అరగంట అక్కడే కూర్చోండి. ఇప్పటికే గట్టి జ్వరంతో ఉంటే తగ్గాక వేయించుకోండి.

“ఫ్లూది, టీడాప్ ఒకే రోజు వేయించుకోవచ్చా?” వేయించుకోవచ్చు. చెరో చేతికి వేస్తారు.

“మా అమ్మాయి అమెరికాలో ఉంది, ఎనిమిదో నెల. అక్కడ ఆర్ఎస్‌వీ టీకా అంటున్నారు, కోవిడ్ టీకా గురించి తలో మాట చెప్తున్నారు.” ఆర్ఎస్‌వీ పసిపిల్లల ఊపిరితిత్తులని పట్టే వైరస్. అమెరికాలో 2023 నుంచి గర్భిణులకి ఆ టీకా ఉంది, సెప్టెంబర్ నుంచి జనవరి మధ్య, 32 నుంచి 36 వారాల్లో వేస్తారు. తల్లి వేయించుకోకపోతే పుట్టిన బిడ్డకి నేరుగా యాంటీబాడీ ఇంజక్షన్ ఇచ్చే పద్ధతి కూడా ఉంది, మామూలుగా రెండింట్లో ఒకటి చాలు. కోవిడ్ విషయానికొస్తే, 2025 మేలో అక్కడి ప్రభుత్వం ఆరోగ్యంగా ఉన్న గర్భిణులకి ఆ సిఫార్సు తీసేసింది. అక్కడి ప్రసూతి వైద్యుల సంఘం మాత్రం వేయించుకోమనే చెప్తోంది. మీ అమ్మాయిని వాట్సాప్ కాదు, తనని రోజూ చూస్తున్న డాక్టర్ని అడగమనండి. మీరు పురిటికి వెళ్తున్నారా? అయితే మీరు కూడా టీడాప్, ఫ్లూ వేయించుకుని వెళ్ళండి. రెండు వారాల ముందే.

చివరి చీటీ. “ఆరో నెల. మూడు రోజుల కింద వీధి కుక్క పిక్క పట్టింది. కడుపుతో ఉన్నావు, సూదులు వద్దన్నారు ఇంట్లో.” ఈ చీటీ రాసిన అమ్మాయి ఎవరు? చెయ్యెత్తకపోయినా పర్లేదు. అమ్మా, రేబిస్ వస్తే బతకడం దాదాపు ఉండదు. తల్లీ పోతుంది, బిడ్డా పోతుంది. రేబిస్ టీకాకి గర్భం అడ్డు కాదు, ఏ నెలలోనూ కాదు. రక్తం వచ్చేలా కరిచి ఉంటే గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్, అంటే నేరుగా యాంటీబాడీలే ఉన్న ఇంజక్షన్ కూడా తీసుకోవాలి, అదీ గర్భిణులకి ఇవ్వొచ్చు. మూడు రోజులైపోయిందని మానేయకు. గాయాన్ని ఇప్పుడైనా సబ్బుతో, ధారగా పడే నీళ్ళ కింద పావుగంట కడుగు. ప్రభుత్వాసుపత్రిలో టీకా ఉచితంగానే వేస్తారు. సభ అయ్యేదాకా ఆగకు. నాతో వచ్చిన నర్సమ్మ ఆ తలుపు దగ్గర ఉంది, ఆమెతో కలిసి ఇప్పుడే బయల్దేరు, ఇవాళే మొదటి డోసు పడాలి.